పెయింటు ముగ్గు

మా ఇంట్లో డబ్బు కట్టి బస చేయడానికి మొదటిసారి వచ్చినవాళ్ళు కారు దిగనేలేదు. బెంగుళూరు నుంచి వచ్చిన కుటుంబం. గేటు ముందు కారు ఆపారు, అద్దం దించారు, ఇంటిని పైనుంచి కిందిదాకా ఒకసారి చూశారు, అద్దం ఎత్తేసి వెళ్ళిపోయారు. నేనూ మా తోడికోడలూ గేటు లోపల నిమ్మకాయ నీళ్ళ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని, పెళ్ళిచూపులకు ముస్తాబైన పిల్లల్లాగా నిలబడి ఉన్నాం. కారు మలుపు తిరిగేదాకా చూసి, తను ఆ పళ్ళాన్ని అరుగు మీద పెట్టింది.

"తాగక్కా, మనమే తాగుదాం. వాళ్ళ మొహాలకి ఈ నీళ్ళు గూడా దండగ" అంది.

తను నా భర్త తమ్ముడి భార్య. ఇంట్లో అందరికీ నేను పెద్దామె, తను చిన్నామె. నేను మాత్రం చిన్నదీ అనే పిలిచేదాన్ని. తోడికోడళ్ళంటే కొట్టుకు చావాలని లోకానికి ఒక నమ్మకం ఉంది. మా ఇద్దరికీ పోట్లాడుకోవడానికి తీరిక దొరకలేదో, ఆ బుద్ధే పుట్టలేదో, నాకు తెలీదు. నాకు అక్కచెల్లెళ్ళు లేరు. పెళ్ళయిన తర్వాత ఒక చెల్లెలు దొరికింది. అంతే.

ఇల్లు ఉదయగిరిలో, కొండకు పోయే దారిలో. మా మామ కట్టించింది. ముందు గదిలో ఆయన ఎరువుల అంగడి నడిపేవాడు. ఆయన పోయాక మరిదీ చిన్నదీ ఆ ఇంట్లో ఉన్నారు. మరిదికి బస్టాండు దగ్గర మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. వాళ్ళకు పిల్లలు లేరు. నేనూ మా ఆయనా ఆత్మకూరులో. నేను అక్కడే బళ్ళో టీచర్ని. చలికాలం వచ్చిందంటే శని, ఆదివారాలు కోట చూడటానికి, కొండెక్కడానికి పట్నాల నుంచి జనం రావడం మొదలైంది. రాత్రి ఉందామంటే ఊళ్ళో వాళ్ళకు నచ్చే చోటు లేదు. అప్పుడు చిన్నదానికి ఆలోచన వచ్చింది. ఇల్లు వాళ్ళకు అద్దెకిద్దాం, మేం రెండు వీధుల అవతల ఎవరిదో మేడ మీది పోర్షన్లోకి మారతాం అంది.

"సొంత ఇల్లు పెట్టుకోని అద్దింట్లో ఉంటారంటే నవ్విపోతారు మే" అన్నాను.

"ఇల్లు మనదే గదక్కా. యాడికి పోతుంది?"

లోపల అంతా బాగానే చేయించాం. కొత్త పరుపులు, ఒక గదికి ఏసీ, బాత్రూములో గీజరు. బయట ఎట్లా ఉందో మాత్రం మాకెవరికీ తోచలేదు. ఏళ్ళ తరబడి తిరుగుతున్న ఇంటిని వీధిలో నిలబడి ఎవరు చూస్తారు? ఆ బెంగుళూరు వాళ్ళు పోయాక చిన్నది నా చెయ్యి పట్టుకుని రోడ్డు అవతలికి లాక్కుపోయింది. "ఇప్పుడు చూడక్కా, నువ్వు బెంగుళూరామెవి" అంది.

చూశాను. కాంపౌండు గోడ సగం వరి విత్తనాల ప్రకటన, సగం పాత ఎలక్షన్ల రాతలు. మా మామ అంగడి బోర్డు ఒక మేకు ఊడి వాలిపోయి ఉంది. షట్టరంతా తుప్పు. ముందు మురికికాలువకు మూత లేదు. ఇవన్నీ చాలవన్నట్టు పిట్టగోడ మీద ఎర్ర నాలుక వేలాడేసుకుని, కోరలతో, బానంత తలకాయతో ఒక దిష్టిబొమ్మ. నాకు నవ్వు ఆగలేదు. చిన్నది రోడ్డు మీదే పొట్ట పట్టుకుని కూర్చుని నవ్వింది. "నేనైనా దిగనక్కా ఈ ఇంటికి" అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఆ రోజు నుంచి తనకు అదే పిచ్చి పట్టుకుంది. వీధిలో పోయేవాడు ఆగి చూడాల, చూసి లోపలికి రావాల. నేను ఆదివారం ఆదివారం బస్సెక్కి పోయేదాన్ని. గోడకు సున్నం కొట్టించి కింద జేనెడు ఎర్రటి జాజు పట్టీ వేశాం. షట్టరు తీయించి కిటికీ పెట్టించాం. కాలువ మీద కడప బండలు పరిపించాం. గేటు పక్కన కాగితంపూల చెట్టు పెట్టాం. వరండా స్తంభాలకు ఉదయగిరి కొయ్య గరిటెలు చిన్నవీ పెద్దవీ దండకట్టి వేలాడదీసింది. ఊళ్ళో వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. గరిటెలు వంటింట్లో ఉండాలి గానీ వీధిలో వేలాడేయడం ఏందని. వచ్చినవాళ్ళు అడిగి మరీ అలాంటివి కొనుక్కుపోయేవాళ్ళు.

దిష్టిబొమ్మ దగ్గరే మరిదితో పేచీ వచ్చింది. ఆయన మాట తక్కువ మనిషి. మోటారు కాయిలు చుడుతూ రోజంతా పలక్కుండా ఉండగలడు. ఆ ఒక్క విషయంలో మాత్రం మొండికేశాడు.

"అది నాయన పెట్టింది వదినా. తీస్తే మంచిది గాదు" అన్నాడు.

"పిలకాయలు జడుసుకుంటా ఉండారు అబ్బయా. వెనక దొడ్లో పెట్టుకుందాం. వెనకనుంచి వచ్చే దిష్టి వెనకనుంచి పోతుంది" అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది. బొమ్మ దొడ్లోకి పోయింది.

ఇంత చేస్తే, వచ్చినవాళ్ళు దేన్ని ఫోటో తీసుకున్నారంటే, ముగ్గును. చిన్నది రోజూ తెల్లారేసరికి ఆ రెండు వీధులూ నడిచి వచ్చి, వాకిలి చిమ్మి, కళ్ళాపి చల్లి ముగ్గేసేది. తను పుట్టింటి నుంచి తెచ్చుకున్న విద్య అదొక్కటే అని మా అత్త బతికున్నప్పుడు ఎగతాళి చేసేది. మెలికల ముగ్గు. చుక్కలు పెట్టుకుంటూ పోయి, ఒక మూల పిండి జారవిడిస్తే చెయ్యెత్తకుండా తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగేది. ఎక్కడ మొదలైందో మనం కనుక్కోలేం. మద్రాసు నుంచి వచ్చిన ఒక అమ్మాయి దాన్ని వీడియో తీసి ఎక్కడో పెట్టింది. ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్ళకూ ముగ్గు కావాలి. పొద్దున వేసింది ఒక కారు తొక్కేస్తే, మధ్యాహ్నం వచ్చేవాళ్ళ కోసం మళ్ళీ వేసేది. నడుం వంచి, మోకాళ్ళు వంచకుండా, ఎర్రటెండలో.

నడుం నొప్పి మొదలైంది అప్పుడే. ఊళ్ళో డాక్టరు సూదులు వేశాడు. బెల్టు పెట్టుకోమన్నాడు. నేను నెల్లూరు నుంచి నూనె తెచ్చి మర్దన చేశాను. ఇంటిల్లిపాదిమీ ఒకటే మాట, వంగడం వల్లే. "కొంపకు రంగులేసి నీ నడుం ఇరగ్గొట్టుకుంటివి" అని నేనే తిట్టాను. ఆఖరికి తనే అంది, "పెయింటుతో ఏసేద్దామక్కా. ఒక్కసారి వంగితే ఇంక వంగే పనిలేదు."

గేటు ముందు సిమెంటు గచ్చు మీద వేశాం. తను గోనెసంచీ పరుచుకుని ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుని కుంచె పట్టుకుంది. కూర్చోలేకపోయేది. నేను పెయింటు డబ్బా పట్టుకుని తను ఎటు జరిగితే అటు జరిగాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి, "ఏంది చిన్నామే, నడిరోడ్లో పండుకోనుండావు?" అని అడిగితే, "లోపల గదులన్నీ బుక్కయిపోయినాయి, నాకు ఈడే దొరికింది" అనేది. తెల్ల మెలికలు, చుట్టూ ఎర్ర అంచు. నా చీరంతా తెల్లటి మరకలు. ఒక చోట నేను చూసుకోకుండా తడి గీత మీద కాలు వేస్తే, నా పాదం పట్టుకుని పక్కకు పెట్టి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, "నీకంటే కార్లు నయం అక్కా" అని మళ్ళీ గీసింది. పూర్తయ్యాక ఇద్దరం రోడ్డవతలికి పోయి చూసుకున్నాం. అంత బాగుంది. నిజంగా అంత బాగుంది.

వంగడం మానేసింది. నొప్పి మానలేదు.

నెల్లూరులో స్కానింగు తీశారు. ఎక్కడో పుట్టిన కాన్సరు వెన్నెముకలోకి వచ్చేసిందని డాక్టరు వరండాలో నిలబెట్టి మరిదికి చెప్పాడు. మరిది నాకు చెప్పలేక ఆ కాగితం నా చేతికిచ్చి గోడవైపు తిరిగాడు. ఇన్నాళ్ళూ ముగ్గును తిట్టుకున్నాం. ముగ్గు ఏం పాపం చేసింది? ముగ్గుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. తను వంగినా పోయేదే, పడుకున్నా పోయేదే. ఆ మాట తెలిసినా మనసుకు ఊరట లేదు. ఎవరినైనా తిట్టుకుందామంటే ఎవరూ దొరకలేదు.

ఆసుపత్రిలో నేను సెలవు పెట్టి పక్కనే ఉన్నాను. మందు మత్తులో లేనప్పుడు తను ఇంటి సంగతులే అడిగేది. కాగితంపూల చెట్టుకు నీళ్ళు పోస్తా ఉండారా, కాలువ మీద బండ ఒకటి కదుల్తా ఉండింది సరిచేసినారా, ఈ వారం ఎవరన్నా వస్తా ఉండారా.

"నీకు ఇప్పుడు ఆ కొంప గోలేందే?" అన్నాను ఒకరోజు.

"మరి నన్ను దేని గురించి అడగమంటావక్కా?" అంది.

ఫోన్లో ఉన్న ఇంటి ఫోటో తీసి చూపించాను. చాలాసేపు చూసింది.

ఒక పొద్దున పోయింది. అంబులెన్సులో నేను తన తల దగ్గర, మరిది కాళ్ళ దగ్గర కూర్చున్నాం. సంగం దాటుతుండగా మరిది ఫోను మోగింది. వాళ్ళు అద్దెకున్న మేడ ఓనరు. ఆయన గొంతు నాకు కూడా వినిపిస్తూనే ఉంది. "ఏమనుకోబాకు అబ్బయా. శవాన్ని పైకి తీసుకురాబాకండి. ఇంట్లో ఆడోళ్ళు ఒప్పుకోరు." ఆ రోజు ఎవరైనా తనను శవం అనడం అదే మొదటిసారి. ఆయన చెడ్డవాడు కాదు. మా వైపు ఏ ఓనరైనా ఆ మాటే అంటాడు. అద్దెకున్నవాళ్ళకు బతకడానికే ఇల్లు, చావడానికి కాదు. మరిది "సరే అన్నా" అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆత్మకూరులో మా వీధి పక్కనుంచే అంబులెన్సు పోయింది.

అలా తను సొంతింటికి వచ్చింది. పైఊళ్ళవాళ్ళు వచ్చి ఉండాలని తను ఖాళీ చేసిన ఇంటికి. బయట పోయిన మనిషిని లోపలికి తీసుకుపోకూడదు, గడప ఇవతలే పెట్టాలి అన్నారు. గేటు ముందు షామియానా వేశారు. ఐసు పెట్టె తెచ్చారు. గచ్చు మీద చదునుగా ఉన్న చోటు అదొక్కటే. ముగ్గు మీద పెట్టారు. పెట్టెకు నాలుగు వైపులా తెల్ల మెలికలు బయటికి కనిపిస్తున్నాయి. వచ్చిన ఆడవాళ్ళు పసుపు కుంకుమలు చల్లుతూ, పుణ్యవతి, ముత్తైదువగా పోయింది అన్నారు. ఏం పుణ్యమో నాకు అర్థం కాలేదు. మొగుడు మిగిలి ఉండగా పోవడం పుణ్యమైతే, ఆ మిగిలినవాడి మొహం ఒకసారి చూడాల్సింది.

బుకింగులు ఆపాలని ఎవరికీ గుర్తులేదు. మధ్యాహ్నం ఒక కారు వచ్చి ఆగింది. చిన్న వయసు మొగుడూ పెళ్ళాలు, వీపులకు బ్యాగులు. షామియానా చూసి ఆగిపోయారు. వెనక్కి తిప్పుకుంటారనుకున్నాను. దిగారు. చెప్పులు కారు దగ్గరే విడిచి, పెట్టె ముందుకు వచ్చి చేతులు జోడించి నిలబడ్డారు. తను ఎవరో వాళ్ళకు తెలియదు. కాసేపుండి, ఎవరినీ ఏమీ అడక్కుండా వెళ్ళిపోయారు. ఆ రోజు వచ్చిన అందరిలోకీ నాకు వాళ్ళే ఎక్కువ గుర్తున్నారు.

మాలో పూడ్చడమే ఆచారం. మా చేలోనే పెట్టాం. మరిది మొదటి పిడికెడు మట్టి వేయలేక చెయ్యి అలాగే పట్టుకుని ఉంటే, మా ఆయనే ఆ మణికట్టు పట్టుకుని వేయించాడు.

తిరిగొచ్చి స్నానాలయ్యాక గొడవ మొదలైంది. సీతారామపురం నుంచి మా మామ చెల్లెలు, మాకు వరసకు అత్త, వచ్చి ఉంది. ఇంటికి మిగిలిన పెద్ద దిక్కు ఆమె ఒక్కతే. షామియానా విప్పేసరికి ముగ్గంతా బయటపడింది. ఆమె గుండె బాదుకుంది.

"మనిషి పోయిన ఇంటి ముందు ముగ్గేందే? చూసినోళ్ళు ఏమనుకుంటారు? ఆమె పోయిందని పండగ జేసుకుంటా ఉండారనుకోరా?"

ఆమె చెప్పింది తప్పు కాదు. మా ఊళ్ళలో ఎవరింటి ముందైనా ముగ్గు లేదంటే, అడగకుండానే తెలిసిపోతుంది. సంవత్సరీకం దాకా ఆ ఇంటి ముందు ముగ్గు పడదు. పిండి ముగ్గైతే చీపురు తగిలిస్తే పోయేది. వేసిన ఆ పూట ఇట్లాంటిది ఒకటుందని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. బతికున్నవాళ్ళం, ఎందుకు తడుతుంది? ఆడవాళ్ళు కొబ్బరిపీచుతో రుద్దారు. పోలేదు. ఎవరో కిరసనాయిలు తెమ్మన్నారు. ఇంకెవరో ఉలి తెచ్చి చెక్కించమన్నారు.

"దిష్టిబొమ్మను తీసేసినారు. అప్పుడే అనుకున్నా" అంది అత్త ఆ సందట్లో.

అప్పటిదాకా పెద్దల ముందు గొంతెత్తని దాన్ని, అప్పుడు ఎత్తాను. "కాన్సరు దిష్టిబొమ్మకు జడుస్తాదా అత్తా? ఆ గచ్చు మీద ఎవరన్నా చెయ్యేస్తే నేను ఊరుకోను" అని అరిచాను. ముగ్గు మీద పోయి కూర్చున్నాను.

నాకు కావలసింది ఒకటే. తను పెళ్ళయి వచ్చిన రోజు నుంచి ఎన్ని ముగ్గులు వేసిందో. ప్రతి ఒక్కటీ సాయంత్రానికి కాళ్ళ కింద కలిసిపోయింది. తను పెట్టిన పచ్చళ్ళు తినేశాం. తన చీరలు పంచేస్తారు. తన చేత్తో చేసింది చెక్కు చెదరకుండా మిగిలింది ఈ భూమి మీద ఇదొక్కటే. దాన్ని కూడా ఉలి పెట్టి చెక్కేస్తే నేను ఏం చూసుకోవాలి? ఆ మాటే ఏడుస్తూ చెప్పాను. అత్త ముసలి మనిషే గానీ రాయి కాదు.

"కనబడకుంటే సరిపోతుంది గదా. మట్టీ పేడా కలిపి పూసేయండి. ఏడాది తిరిగినాక కడుక్కోవచ్చు" అంది.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అరుగు మీద కూర్చున్న మరిదిని అడిగారు. ఆయన నావైపు ఒకసారి చూసి తలూపాడు. ఆ సాయంత్రమే ఎర్రమట్టి తెచ్చి, ఎదురింటి గేదెల పేడ కలిపి, నా చేత్తోనే పూశాను. ఒక్కో మెలికా కనపడకుండా పోతుంటే, భద్రంగా మూటగట్టి దాస్తున్నట్టే అనిపించింది.

బుకింగులు ఎత్తేశారు. మరిది ఆ మేడ ఖాళీ చేసి మళ్ళీ ఇంట్లోకి వచ్చాడు. గచ్చు మీద మట్టి ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఎండకు నెర్రెలిచ్చేది, గాలికి రేగేది. ఒక వాన పడితే తెల్ల గీత ఒకటి తొంగిచూసేది. ఎదురింటామె ఫోను చేసి, "పెద్దామే, మీ ముగ్గు కనబడతా ఉండాది" అనేది. ప్రతి ఆదివారం మొదటి బస్సుకే పోయేదాన్ని. ఒకప్పుడు ఆ ఇంటిని ముస్తాబు చేయడానికి పోయిన బస్సే. ఇప్పుడు దాని ముందు పేడ పూయడానికి. కాగితంపూల చెట్టు ఎండిపోయింది. జాజు పట్టీ వానలకు కారిపోయి గోడంతా చారలు పడింది. గరిటెల దండ తెగి వరండాలో పడి ఉంటే తీసి లోపల పెట్టాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆ ఇంటివైపు చూడకుండా పోయేవాళ్ళు.

ఆ ఏడాదంతా నేను ఏడుస్తూనే ఉన్నాను. దాచుకునేది ఏముంది? బస్సులో ఏడ్చేదాన్ని. కండక్టరు అలవాటుపడి టికెట్టు నా ఒళ్ళో పెట్టి పోయేవాడు. తాలింపు వేస్తూ ఏడ్చేదాన్ని. బళ్ళో బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆగిపోతే పిల్లలు అల్లరి మానేసి కూర్చునేవాళ్ళు. మా ఆయన మొదట ఓదార్చాడు, తర్వాత విసుక్కున్నాడు, ఆ తర్వాత ఏం చేయాలో తెలియక ఊరుకున్నాడు. ఉదయగిరి చేరి, కొంగు బిగించి, మట్టిలో చెయ్యి పెడితే మాత్రం మనసు కుదుటపడేది. ఏ గీత ఎక్కడుందో వేళ్ళకు తెలిసిపోయింది. పూస్తూ తనతో మాట్లాడేదాన్ని. బళ్ళో సంగతులు, మా పిల్లల సంగతులు, అత్త మీద చాడీలు. ఇంకొన్నాళ్ళు ఓర్చుకో మే, కడిగేస్తా అనేదాన్ని.

మరిది కాఫీ పెట్టి తెచ్చేవాడు. గ్లాసు అరుగు మీద పెట్టి, చొక్కా వేసుకుని వెళ్ళిపోయేవాడు. ఆదివారం కూడా షాపు తీస్తున్నాడంటే, పాపం, ఇంట్లో పొద్దుపోక అనుకున్నాను. నా పని అయ్యి, చేతులు కడుక్కుని, బస్టాండుకు పోతూ షాపు దగ్గర ఆగేదాన్ని. "అయిపోయిందా వదినా?" అని అడిగేవాడు. అయిపోయింది అంటే, బస్సు దాకా వచ్చి ఎక్కించేవాడు.

సంవత్సరీకం చేశాం. చేలో సమాధి దగ్గర పెట్టాల్సినవి పెట్టి ఇంటికొచ్చి, బంధువులు భోజనాలు చేసి వెళ్ళాక, అత్త వరండాలో కూర్చుని, "ఇంక కడగండే. ఇంటికి ముగ్గు రావాల ఈరోజు" అంది. నేను ఆ మాట కోసమే పొద్దుటి నుంచీ కాచుకుని ఉన్నాను. బిందెలతో నీళ్ళు తెచ్చి పోశాను. ఏడాదిగా పొర మీద పొర పడిన మట్టి. నాని, ఉబ్బి, అంచుల్లో లేచింది. ఒక మూల వేళ్ళు దూర్చి ఎత్తాను. అప్పడంలాగా ఒక పెద్ద పెళ్ళ లేచి వచ్చింది. కింద ఉత్త గచ్చు. బూడిదరంగు గచ్చు, ఏమీ లేదు.

చోటు తప్పానేమో అనుకుని, చేతిలో ఉన్న పెళ్ళను తిప్పి చూశాను. దాని అడుగున తెల్లటి మెలిక.

పెయింటంతా మట్టికి అంటుకుని లేచిపోయింది. ఇంకొక మూల మెల్లగా, చీపురు లేకుండా, నీళ్ళు చేత్తో చిలకరించి, గోటితో ఎత్తాను. అదీ అంతే. నడిమధ్యన చూశాను. అక్కడక్కడా ఎర్ర అంచు చుక్కలు చుక్కలుగా మిగిలింది, అదీ వేలు తగిలితే రాలింది. ఏడాదంతా నేను తడుపుతూ, పూస్తూ, ఎండబెడుతూ, మళ్ళీ తడుపుతూ ఉంటే అది ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. ఎన్ని వారాలుగా నేను ఉత్త గచ్చుతో మాట్లాడానో.

ఆ తడిలోనే కూలబడ్డాను. వీధంతా వినపడేలా ఏడ్చాను. ఎదురింటి వాళ్ళు బయటికొచ్చారు. అత్త లేవబోయి, మళ్ళీ కూర్చుండిపోయింది. నా చేతిలో ఆ పెళ్ళ నాని రెండు ముక్కలైంది.

మరిది లోపల్నుంచి వచ్చాడు. కొత్త పంచె కట్టుకుని ఉన్నాడు, ఆ పంచెతోనే వచ్చి నా పక్కన మట్టిలో కూర్చున్నాడు. ఏడాదిలో ఆయన ఆ గచ్చు మీద కూర్చోవడం నేను చూడలేదు.

"పోనీలే వదినా" అన్నాడు.

"ఎట్టా పోనిచ్చేది అబ్బయా? దాని చేతి గీత ఒక్కటన్నా మిగలాలనే గదా నేను ఇంత చేసింది. నా చేత్తో నేనే పోగొట్టినా."

ఆయన గచ్చు మీద నీళ్ళను అరచేత్తో పక్కకు తోశాడు. "పెట్టె పెట్టింది ఈడే గదా వదినా" అన్నాడు. "చేలో నేను ఒక్క పిడికెడే ఏసినాను. ఆదివారం వచ్చిందంటే నువ్వు గంపెడు మట్టి తెచ్చి ఈడ పోసేదానివి. ప్రతిసారీ ఆమె మీద పోస్తా ఉన్నట్టే ఉండేది నాకు. చూళ్ళేక షాపుకు పొయ్యేవాణ్ణి. ఆదివారం నాకు షాపులో పనేముంటాది?"

నా ఏడుపు ఆగిపోయింది. ఏడాది పాటు, వారం వారం, ఈయన కళ్ళెదుట.

"ఒక్క మాట చెప్పకూడదా అబ్బయా? మానేసేదాన్ని గదా" అన్నాను.

"చెప్దామనే అనుకున్నా వదినా. వారమంతా ఏడుస్తానే ఉంటావంట, అన్న ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేవాడు." ఆయన నావైపు చూడకుండా అన్నాడు. "నువ్వు ఏడవకుండా ఉండేది ఆ మట్టి పూసే కాసేపే గదా."

నా చేతుల నిండా తడి పేడ. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.